గట్టు కింద దొంగ తూము

చిరంజీవులు పెద్దాడికీ, చిన్నమ్మలుకీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. దాళ్వా నాట్లు అయిపోయాయి. కాలవకు వంతులు పెట్టారు. మామ్మ మీకోసం దాచిన జంతికల డబ్బా మూత ఇంకా తియ్యలేదు. ఇదంతా ఫోన్‌లో చెప్పచ్చు కదా అంటారు. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ "తాతయ్యా, క్లాసు ఉంది" అని పెట్టేశారు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేరని రాస్తున్నాను.

విషయం మన కంప్యూటర్ గురించి. పండక్కి వచ్చి మీరు వెళ్లిన మర్నాడు మామ్మ విష్ణు సహస్రనామం పెట్టమంది. బ్రౌజర్ తెరిస్తే రోజూ వచ్చే పేజీ రాలేదు. తెల్లటి పేజీ, మధ్యలో వెతికే పెట్టె, పైన భూతద్దం బొమ్మ. కళ్లజోడు లేకుండా చూస్తే గూగుల్ అనే అనుకుంటాం. సహస్రనామం అని కొడితే పై ఆరు వరుసలూ ప్రకటనలే. రమ్మీ, అప్పులిచ్చే యాప్, మళ్లీ రమ్మీ. "ఇదేంటండీ, దేవుడి పేరు కొడితే పేకాట వస్తోందీ" అంది మామ్మ.

ఇంకోసారి కొట్టి, ఈసారి పైన అడ్రసు ఉండే పట్టీ మీద కన్నేశాను. ఎంటర్ కొట్టగానే ఒక పేరు మెరిసింది. అది పోయి ఇంకోటి, అదీ పోయి మూడోది నిలబడింది. అంతా రెప్పపాటులో. సెట్టింగ్స్‌లోకి వెళ్లి హోమ్‌పేజీ, సెర్చ్ ఇంజిన్ పాతవే పెట్టాను. సాయంత్రానికి మళ్లీ భూతద్దం. మళ్లీ మార్చాను. తెల్లారేసరికి మళ్లీ అదే.

అప్పుడు నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. నేను కాలవ మీద లస్కరుగా చేశానని మీకు తెలుసు, ఏం చేసేవాణ్నో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు లాకులు దాటి, పిల్లకాలవల్లోకి, అక్కణ్నుంచి బోదెల్లోకి వచ్చి, ఆఖరికి శివారు చేను తడపాలి. దాళ్వాలో నీళ్లకు కటకట. ఎవడో ఒకడు రాత్రిపూట గట్టు కింద నుంచి గొట్టం దోపి, నీళ్లు తన చేలోకి తిప్పుకుంటాడు. పైకి గట్టు గట్టులాగే ఉంటుంది, కాలవ పారుతూనే ఉంటుంది. శివారు రైతు మాత్రం "నీళ్లు రావట్లేదండీ" అని మొత్తుకుంటూ వస్తాడు. కొత్తలో నేను నీరు పడుతున్న చోట, అంటే చేలో, మట్టి వేయించేవాణ్ని. తెల్లారేసరికి కొట్టుకుపోయేది. గొట్టం నోరు కాలవలో నీటి అడుగున ఉంది కదా మరి! గోచీ బిగించి దిగి, కాలితో తడిమి, ఆ నోరు దొరకబుచ్చుకుంటే తప్ప పని అయ్యేది కాదు.

హోమ్‌పేజీ మార్చడమంటే చేలో మట్టి వెయ్యడం. దాన్ని మళ్లీ మార్చేస్తున్న నోరు ఇంకెక్కడో ఉంది.

దీన్ని బ్రౌజర్ హైజాకర్ అంటారట. కొత్త రోగం కాదు, 2003లోనే కూల్‌వెబ్‌సెర్చ్ అనేది పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని ఇలాగే ఏడిపించింది. వీళ్లకు మన మీద కక్షేం లేదు, డబ్బు కావాలి. మనం వెతికే ప్రతి మాటా వాళ్ల బోదె గుండా వెళ్తే, అక్కడ కనబడే ప్రకటనల్లో వాళ్లకు వాటా వస్తుంది. ఒక్కో నొక్కుకూ వచ్చేది చిల్లరే. అలాంటి గొట్టాలు లక్షల ఇళ్లలో దోపితే చిల్లరే ఏరవుతుంది. పైగా ఈ ఇంట్లో ఎవరు ఏం వెతుకుతున్నారో కూడా వాళ్లకు తెలుస్తుంది. మామ్మ మోకాళ్ల నొప్పుల గురించి వెతికింది, అదీ వాళ్లకు తెలిసే ఉంటుంది.

సీపీయూ సంచిలో పెట్టుకుని టౌనుకు పట్టుకెళ్లాను. షాపు కుర్రాడు రెండు నిమిషాలు చూసి "ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్" అన్నాడు. మరి ఫోటోలు? "పోతాయి." మీ నాన్న పెళ్లి ఫోటోలు స్కాన్ చేయించి దాచింది అందులోనే. గొట్టం దొరకలేదని కాలవ పూడ్చేస్తామా? తిరిగి తెచ్చేశాను. మన ఎదురింటి అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది, సెలవులకు ఇంటికొచ్చి ఉంది. రెండు సాయంత్రాలు ఇద్దరం కూర్చున్నాం.

ఆ అమ్మాయి చేసిన మొదటి పని ఇంటర్నెట్ వైరు పీకేయడం. అవసరమైన టూల్ ఏదో ముందే తన ల్యాప్‌టాప్‌లో దించుకుని తెచ్చింది. తర్వాత బ్రౌజర్ జోలికి పోలేదు. సెట్టింగ్స్‌లో యాప్స్ అని ఉంటుంది, అందులో ఇన్‌స్టాల్ అయినవాటిని తేదీ వరుసలో పెట్టింది. జనవరి 16న రెండు ఎక్కాయి. ఒకటి వీడియో డౌన్‌లోడర్. రెండోదానికి సెర్చ్ ఏదో మేనేజర్ అని పెద్ద ఆఫీసరు పేరు. పదహారంటే కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో ఫ్రెండ్సుకి పంపాలని ఆ రాత్రి నువ్వే కదురా పెద్దాడా దించింది? నేను పక్క మంచం మీదే ఉన్నాను. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ అని టకటకా కొట్టావు. నిన్ను తప్పు పట్టట్లేదు. ఆ తెర మీద 'రికమెండెడ్' అని ఒకటి, కింద 'కస్టమ్' అని సన్నగా ఇంకోటి ఉంటాయట. ఆ సన్నగా ఉన్నది నొక్కితేనే, దీనితో పాటు ఇంకేం ఎక్కుతున్నాయో, ఏ టిక్కులు ముందే కొట్టేసి ఉన్నాయో కనబడతాయి. ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్లు చాలావాటికి, ఇంకోదాన్ని వెంటబెట్టుకొచ్చినందుకే కూలి ముడుతుంది.

తీసేసేటప్పుడు కూడా ఆ మేనేజర్‌గారు ఊరుకోలేదు. 'ఉంచండి' అని పెద్ద నీలం బటన్, 'తీసేయండి' అని బూడిదరంగులో చీమ తలకాయంత అక్షరాలు. తొందర్లో ఉన్నవాడు నీలమే నొక్కుతాడు.

తర్వాత ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లు. రెండు తెలియనివి ఉన్నాయి. ఒకటి కూపన్లు వెతికి పెట్టేదట, మామూలుగానే పోయింది. రెండోదానికి తీసేసే బటనే పనిచెయ్యలేదు. క్రోమ్ మెనూ అడుగున చూస్తే 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని ఉంది. మనింట్లో సంస్థ ఎక్కడిది? ఉంటే మామ్మే. నేను నవ్వాను గానీ ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇదే తాతయ్యా మీ గొట్టం నోరు" అంది. పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లుంటే, ఉద్యోగులు మార్చకుండా పైవాళ్లు కొన్ని పద్ధతులు బిగిస్తారు, వాటిని పాలసీలంటారు. ఆ పాలసీల గది, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉంటుంది. ఈ దొంగ అక్కడ దూరి, ఆఫీసరు సంతకం తనే పెట్టేసుకున్నాడు. సొంత ఇంటి కంప్యూటర్‌లో ఆ మాట కనబడితే అనుమానించాల్సిందే. ఆ అమ్మాయి ముందు రిజిస్ట్రీకి ఒక కాపీ తీసి పెట్టుకుని, తర్వాతే ఆ ముక్క తీసేసింది. అక్కడ మీరు మాత్రం చెయ్యి పెట్టకండి. ఒక వరుస బదులు ఇంకో వరుస పోతే విండోసే లేవదు.

దాని తర్వాత, ఇలాంటివాటిని ఏరడానికే ఉన్న ఆడ్‌వ్‌క్లీనర్ అనే ఉచిత టూల్ తిప్పింది, మరో నాలుగు ముక్కలు దొరికాయి. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒకటుంది. అది కంప్యూటర్‌ని మళ్లీ స్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. ఓ పావుగంట పట్టింది. అంతా శుభ్రం అన్నాక బ్రౌజర్ సెట్టింగులు రీసెట్ కొట్టింది. రీసెట్ అంటే నాకు గుండె ఆగినంత పనైంది గానీ, బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోలేదు. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, సైట్లు మన గుర్తుగా దాచుకునే కుకీలు పోతాయి, అంతే.

కాఫీ తాగి బ్రౌజర్ తెరిచాం. భూతద్దం!

ఆ అమ్మాయి కాసేపు బుర్ర గోక్కుని, డెస్క్‌టాప్ మీద క్రోమ్ బొమ్మను కుడి మౌసుతో నొక్కి ప్రాపర్టీస్ తెరిచింది. టార్గెట్ అని ఒక పెట్టె ఉంది, అందులో పొడుగ్గా దారి రాసి ఉంది. పెట్టె చిన్నది కాబట్టి మొదలే కనబడుతుంది, తోక కనబడదు. కర్సర్ అందులో పెట్టి ఎండ్ కీ నొక్కింది. 'క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ' దగ్గర కొటేషన్ గుర్తు పడి, దారి అక్కడితో అయిపోవాలి. అది దాటి ఒక ఖాళీ, ఆ ఖాళీ తర్వాత ఆ భూతద్దం సైటు అడ్రసు! అంటే ఆ బొమ్మ మీద నొక్కిన ప్రతిసారీ, మన చేత్తో మనమే వాడి పేజీ తెరుస్తున్నాం. తోక చెరిపేసి ఓకే కొడితే పోయింది. కింద పట్టీలో ఉన్న బొమ్మకూ అదే తోక. ముప్ఫయ్యేళ్లు గొట్టాలు వెతికినవాణ్ని, ఇంత పనితనం ఎక్కడా చూడలేదు.

ఒక తప్పు నాది కూడా ఉంది, చెప్పేస్తాను. ధాన్యం రేటు చూద్దామని ఏదో సైటు తెరిస్తే 'మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి' అంది. నొక్కాను. అప్పట్నుంచి కుడివైపు మూలన 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు' అంటూ కాగితాలు లేచేవి. అవి వైరస్‌లూ కావు, ఏమీ కావు. ఆ సైటుకి నోటిఫికేషన్లు పంపుకోమని నేనిచ్చిన అనుమతి. సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేస్తే ఆగాయి. ఒకరోజైతే తెరంతా ఎర్రగా అయిపోయి, ఈ నంబరుకు వెంటనే ఫోన్ చేయమని అరిచింది. మామ్మ టెన్షన్‌తో నంబరు కొట్టబోయింది కూడా. అలాంటప్పుడు ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి మూసేయండి. ఆ నంబరుకు చేస్తే వాళ్లు మన కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే యాప్ వేయించి, బ్యాంకు దాకా వస్తారు. ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇక నేను ఇంత రాయడానికి అసలు కారణం. అంతా అయ్యాక, పెద్దాడా, నువ్వు పండక్కి పెట్టిన నీ గూగుల్ ఖాతాలో మళ్లీ లాగిన్ చేశాం. సింక్, అంటే ఖాతాలో ఉన్నవన్నీ ఈ కంప్యూటర్‌లోకి దించడం, మొదలైన అయిదు నిమిషాలకు ఆ కూపన్ల ఎక్స్‌టెన్షన్ దానంతటదే వచ్చి కూర్చుంది. మేము ఖాతా బయట ఉండగా తీసేశాం కదా, ఖాతాలో మాత్రం అది ఉన్న చోటే ఉంది. కాబట్టి ఆ ఖాతా ఉన్న మీ హైదరాబాద్ ల్యాప్‌టాప్‌లో కూడా అది ఉండే ఉంటుంది. ఇక్కడ సింక్ ఉండగానే మళ్లీ తీసేశాను, అక్కడ పోయిందో లేదో మీరే చూడాలి.

అది నిన్నటిదాకా మంచిదే అని వాదించకండి. ద గ్రేట్ సస్పెండర్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. 20 లక్షల మందికి పైగా ఇష్టంగా వాడారు. 2020లో దాన్ని చేసినవాడు ఇంకెవరికో అమ్మేశాడు, 2021 ఫిబ్రవరిలో అందులో చెడు కోడ్ ఉందని గూగుల్ తీసేసింది. చేను అమ్మితే బోదె హక్కు కొన్నవాడికే పోతుంది. ఎక్స్‌టెన్షన్ కూడా అంతే. కొన్నవాడు పంపే అప్‌డేట్ మనల్ని అడక్కుండానే మనింట్లోకి వస్తుంది.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని, ముందు యాప్స్ తేదీ వరుసలో చూడండి. ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్లు, ఆపైన బొమ్మ తోక. ఆ వీడియో డౌన్‌లోడర్ సెటప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పట్టుకెళ్లావు, నాకు గుర్తుంది. దాన్ని తెరవకుండా చెరిపెయ్యి. ఏదైనా కనబడితే ఫోటో తీసి నాకు పంపండి, ఎదురింటి అమ్మాయికి చూపిస్తాను. నాన్నతో చెప్పడానికి భయపడకండి, నేను ముందే మాట్లాడాను.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: ఖాతా పాస్‌వర్డ్ మార్చాలి. అంతా శుభ్రమయ్యేదాకా ఆ ల్యాప్‌టాప్‌లో మార్చకండి, నాన్న ఫోన్‌లో మార్చండి. జంతికలు శనివారం బస్సులో పంపుతోంది మామ్మ.