ఎర్లీ క్రాస్: దూరమే వింగర్‌కు బలం

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ సిటీ తరఫున 2015 నుంచి 2025 వరకు ఆడిన కెవిన్ డి బ్రూయిన, కుడి పక్క నుంచి గోల్ లైన్ దాకా పరుగెత్తకుండానే, గోల్ ముందుండే పెనాల్టీ ఏరియాకు ముందే బంతిని లోపలికి కొట్టడంలో దిట్ట. మైదానం అంచున ఆడే వింగర్ ఇలా ముందుగానే కొట్టే బంతినే ఎర్లీ క్రాస్ అంటారు. ఆ బంతి వెనక్కి పరుగెత్తుతున్న డిఫెండర్లకూ గోల్‌కీపర్‌కూ మధ్య ఉన్న ఖాళీలోకి దూసుకుపోయి, కీపర్ ముందుకు రావాలా వద్దా అని తేల్చుకునేలోగా అతనికి దూరంగా వంగుతుంది. డిఫెన్స్ సర్దుకోకముందే బంతి వస్తుంది కాబట్టి ఎర్లీ క్రాస్ ప్రమాదకరమని శిక్షకులు చెబుతారు. అది నిజమే గాని, సగం సమాధానమే. మిగతా సగం గాలిలో ఉంది.

కుడికాలి లోపలి భాగంతో బంతి మధ్యకు కాస్త కుడిగా తన్నితే, పైనుంచి చూసినప్పుడు అది అపసవ్య దిశలో తిరుగుతుంది. అప్పుడు బంతి ఎడమ పక్క ఉపరితలం గాలి వెళ్లే వైపే కదులుతుంది కనుక, గాలి అక్కడ ఎక్కువసేపు అంటుకుని ఉండి, వెనుక భాగాన్ని చుట్టి కుడివైపుకు మళ్లుతుంది. దానికి ప్రతిచర్యగా బంతి ఎడమకు జరుగుతుంది. ఇదే మాగ్నస్ ప్రభావం. క్రికెట్‌లో స్పిన్నర్ బంతి నేలను తాకకముందే పక్కకు జరిగే డ్రిఫ్ట్‌కు కూడా కారణం ఇదే. పేస్ బౌలర్ స్వింగ్ మాత్రం ప్రధానంగా కుట్టు వల్ల వచ్చేది. ఈ రెండింటినీ కలిపి పాఠం చెప్పడం విద్యార్థులకు చేసే అన్యాయం.

430 గ్రాముల బంతి సెకనుకు 25 మీటర్ల వేగంతో, సెకనుకు 8 చుట్లు తిరుగుతూ పోతే, పక్కకు తోసే బలం దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు. ఈ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కానీ వేగం పెరిగిన కొద్దీ బంతి గాలిలో ఉండే సమయం తగ్గుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోగా, భ్రమణానికీ వేగానికీ ఉన్న నిష్పత్తి మారనంత వరకు, వంపు దూరపు వర్గం మీదే ఆధారపడుతుంది. అంటే 15 మీటర్ల క్రాస్ ఒక మీటరుకు కాస్త ఎక్కువ వంగితే, 30 మీటర్ల క్రాస్ దాదాపు అయిదు మీటర్లు వంగుతుంది! అందులోనూ నాలుగింట మూడు వంతులు రెండో సగంలోనే వస్తుంది. వేగాన్ని పట్టుకున్నంత బాగా వేగంలోని మార్పును మన కన్ను పట్టుకోలేదు కనుక, మొదటి సగాన్ని చూసి అడుగు వేసిన కీపర్ తప్పు చోటికి చేరతాడు.

ఇంతటి ప్రయోజనాన్ని మన శిక్షణ తరచుగా పోగొడుతోంది. చిన్న మైదానంలో పదిహేను మీటర్ల నుంచి తన్నిన పిల్లవాడికి బంతి తిన్నగా పోయినట్టే కనిపిస్తుంది, ఆ విద్య పుట్టుకతో రావాలని పెద్దలు తీర్మానిస్తారు. కాలిలో లోపం లేదు, దూరమే చాలలేదు. అందుకే సాధన అసలు దూరం నుంచే జరగాలి. బంతి రాకముందే తల ఎత్తి డిఫెండర్ల వరుసను చూసుకోవాలి, మొదటి తాకుతోనే దాన్ని కాలికి ఒక అడుగు ముందుకు ఏటవాలుగా జరపాలి, సహచరుడు డిఫెండర్ల వరుస దాటి ఆఫ్‌సైడ్ కాకముందే తన్నాలి. గురి మాత్రం సహచరుడి మీద కాకుండా, అతను చేరబోయే చోటికన్నా నాలుగైదు మీటర్లు గోల్ వైపుగా ఉండాలి. పన్నెండేళ్ల పిల్లలు ఆడే నాలుగో సైజు బంతికి కూడా ఈ లెక్కే వర్తిస్తుంది, ఎందుకంటే అది చిన్నదైనా, దాని అడ్డుకోత వైశాల్యానికీ బరువుకూ ఉన్న నిష్పత్తి పెద్ద బంతిదానికి దాదాపు సమానం.