తాజ్ తెలుపు కోసం యాభై ఏళ్ల గొడవ

సెలవుల్లో ఢిల్లీ, ఆగ్రా చుట్టి వచ్చిన విశాఖవాళ్లు తాజ్‌మహల్‌ని ఎంత పొగిడినా, వెంటనే కొంత సణుగుడు కూడా ఉంటుంది. కారు అర కిలోమీటరు అవతలే ఆపేశారు, అక్కణ్నుంచి బ్యాటరీ బండి ఎక్కాలి. 50 రూపాయల టికెట్ కాక, సమాధి దగ్గరికి వెళ్లాలంటే ఇంకో 200. మూడు గంటల్లో బయటికి వచ్చేయాలి. ఇంతా చేస్తే, ఫోటోల్లో చూసినంత తెల్లగా లేదు, పసుపుగా ఉంది!

టికెట్లు, టైము లెక్కలు రద్దీ వల్ల వచ్చినవి. కారు ఆపడం మాత్రం ఆ పసుపు వల్లే.

ముంతాజ్ మహల్ 1631లో బుర్హాన్‌పూర్‌లో పధ్నాలుగో కాన్పులో చనిపోయింది. మరుసటి ఏడాది ఆగ్రాలో యమున ఒడ్డున పని మొదలైంది. ప్రధాన వాస్తుశిల్పి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ అంటారు. పాలరాయి రాజస్థాన్‌లోని మక్రానా నుంచి వచ్చింది. అంతకుముందు ఢిల్లీలో కట్టిన హుమాయూన్ సమాధి తోట మధ్యలో ఉంటుంది. ఇక్కడ సమాధిని తోట చివరికి, నది అంచుకి జరిపారు. దాంతో గుమ్మటం వెనక ఆకాశం తప్ప ఇంకేమీ కనబడదు. అటూ ఇటూ మసీదు, దానికి జోడీగా కట్టిన భవనం ఎర్రరాతివి. మధ్యలోని తెలుపు ఎత్తుగా కనబడడానికి ఆ ఎరుపు పనికొస్తుంది. ద్వారం చుట్టూ చెక్కిన అక్షరాలు పైకి వెళ్లేకొద్దీ పెద్దవవుతాయి, కింద నిలబడి చూస్తే అన్నీ ఒకే సైజులో ఉన్నట్టుంటాయి. నాలుగు మినార్లూ కాస్త బయటికి వాలి ఉంటాయి. కూలినా సమాధి మీద పడకూడదన్న జాగ్రత్త అంటారు. నన్నడిగితే వీటన్నిటికీ ఆధారం రాయి రంగే. పాలరాయి వెలుతురుని కొంచెం లోపలికి తీసుకుంటుంది, అందుకే పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు. మసి పట్టిన రాయి ఆ పని చేయదు.

మరమ్మతు గొడవ మాత్రం కొత్తది కాదు. వానలకి గుమ్మటం కారుతోందని ఔరంగజేబు 1652లోనే తండ్రికి ఉత్తరం రాశాడు.

గాలి గొడవ 1970లలో మొదలైంది. ఆగ్రాకి ఎగువన మథురలో చమురు రిఫైనరీ పెడతామన్నారు. దాని పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిస్తే ఆమ్లమవుతుంది, ఆమ్లం తగిలిన పాలరాయి పైపొర జిప్సంగా మారి రాలుతుంది. 1974లో వేసిన వరదరాజన్ కమిటీ ఇంకో సంగతి బయటపెట్టింది: రిఫైనరీ రాకముందే ఆగ్రా గాలి బాగాలేదు. ఊళ్లోని థర్మల్ కేంద్రాలు, ఇనుప పోత కార్ఖానాలు, రైల్వే యార్డులో బొగ్గు ఇంజన్లు అన్నీ కారణమే. అయినా రిఫైనరీ 1982లో మొదలైంది.

విశాఖ రిఫైనరీ అప్పటికి పాతికేళ్ల పాతది. 1957లో మల్కాపురంలో అది వచ్చేనాటికి గాలి కాలుష్యం మీద దేశమంతటికీ వర్తించే చట్టమే లేదు, అది 1981లో వచ్చింది. కొండల మధ్య గిన్నెలా ఉన్న ఈ ఊళ్లో పొగ ఎటు పోతుందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా పెద్దదైంది. మథుర విషయంలో ముందే పెద్దదవడానికి కారణం తాజ్. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లపొడి చూసే వన్‌టౌన్ మనిషికి ఇది కాస్త గుచ్చుకునే తేడా.

1984లో న్యాయవాది ఎం.సి. మెహతా సుప్రీంకోర్టుకెళ్లారు. 1996 డిసెంబరు 30న తీర్పు వచ్చింది: తాజ్ చుట్టూ గీసిన దాదాపు 10,400 చదరపు కిలోమీటర్ల పరిధిలో 292 పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువుకి మారాలి, లేకపోతే వేరేచోటికి పోవాలి. కార్మికులకు జీతాలు, పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది కానీ, చిన్న కార్ఖానాల వాళ్లకి అది తేలికైన దెబ్బ కాదు.

ఇంత జరిగాక కూడా 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తేల్చిన 43 అతి కాలుష్య ప్రాంతాల జాబితాలో ఆగ్రా ఉంది. విశాఖపట్నమూ ఉంది.

తర్వాత ఐఐటీ కాన్పూర్, అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనంలో పసుపుకి అసలు కారణం దుమ్ము, చెత్తా పిడకలూ తగలబెడితే వచ్చే కార్బన్ రేణువులని తేలింది. అంటే ఫ్యాక్టరీ గేటుకి తాళం వేస్తే సరిపోదు, వీధి చివర చెత్తకుప్పకి నిప్పు పెట్టడం ఆపాలి. యమునలో పెరిగే పురుగుల వల్ల గోడల మీద పచ్చటి మరకలు పడడం ఇంకో తలనొప్పి. 2018లో సుప్రీంకోర్టు విసుగెత్తి, బాగుచేస్తారా, మూసేస్తారా, కూల్చేస్తారా అని ప్రభుత్వాన్ని నిలదీసింది.

ప్రస్తుతానికి పురావస్తు శాఖ చేతిలో ఉన్న మందు ముల్తానీ మట్టి. గోడకి పట్టించి, ఎండాక తీసేసి, నీళ్లతో కడుగుతారు. కొన్నేళ్లకి మళ్లీ పసుపెక్కుతుంది, మళ్లీ మట్టి పూస్తారు.