గేట్లు ఎన్ని ఎత్తారో తెలుసు, బస్సు ఎప్పుడో తెలియదు

కృష్ణకు వరద వస్తే దక్షిణ తెలంగాణలో అందరి నోటా అంకెలే. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, ఈ ఉదయానికి ఎంత? సాగర్ పూర్తి మట్టం 590, ఎంతకు చేరింది? అక్కడ 12 గేట్లలో ఎన్ని లేపారు, ఇక్కడ 26లో ఎన్ని లేపారు? ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో క్యూసెక్కులతో సహా ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. ఆ నీళ్లు చూడటానికి హైదరాబాద్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో బస్సులో ఎలా వెళ్లాలి, తిరుగు బస్సు ఎన్నింటికి అన్నది మాత్రం ఆ వార్తల్లో సాధారణంగా కనిపించదు. తెలియని బస్సును నమ్ముకోవడం కన్నా కారు తీయడమే మేలనుకుంటారు జనం. ఇక సెలవు రోజు సాయంత్రానికి సాగర్ దగ్గర, దోమలపెంట దిగువ ఘాట్ మలుపుల్లో కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలిచిపోతాయి. మరునాడు పత్రికలో ఫొటో వస్తుంది, రోడ్డు వెడల్పు చేయాలన్న డిమాండు వస్తుంది.

రోడ్డు సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. బస్సు ఉండి కూడా యాత్రికుడి కంటికి కనబడకుండా ఎలా పోయిందన్నదే ఇక్కడి విషయం. అది ఇవాళ నిన్నటి కథ కాదు.

ఈ ప్రాంతంలో ప్రభుత్వ బస్సు పుట్టింది రైల్వే ఇంట్లో. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన కిందే రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టింది. రైలు నడిపే యాజమాన్యమే బస్సూ నడిపింది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడే నాటికే ఆ రెండూ వేరు కాపురాలు పెట్టేశాయి. ఆ వేరుపాటు ఇప్పటికీ ప్రయాణికుడి నెత్తినే ఉంది. గద్వాలలో రైలు దిగినవారికి బయట ఏ బస్సు ఉందో రైల్వే చెప్పదు. రైలు గంట ఆలస్యమైందని బస్టాండులో ఎవరూ బస్సు ఆపరు.

ఆర్టీసీ కాలంలో సమాచారమంతా బస్టాండు దగ్గరే ఉండేది. గోడ మీద రంగుతో రాసిన వేళల పట్టిక, విచారణ కిటికీ, ఆ వెనక రిజిస్టరుతో కంట్రోలరు. నిజం చెప్పాలంటే ఊరివాళ్లకు ఆ గోడ అవసరం కూడా లేదు. నైట్ హాల్ట్ బస్సు ఎప్పుడు వస్తుందో, తెల్లారి ఎన్నింటికి బయల్దేరుతుందో, ఏ రోజు సంతకు అదనపు ట్రిప్పు ఉంటుందో అందరికీ నోటికి వచ్చు. పట్టిక చదవాల్సిన అవసరం ఉన్నది కొత్తవాడికి. ఆ కొత్తవాడి గురించి ఆలోచించాల్సిన పని అప్పట్లో ఎవరికీ పెద్దగా పడలేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక పైలాన్ కాలనీ, హిల్ కాలనీ లేచాయి. అవి డ్యామ్ కట్టే ఉద్యోగులు, కూలీల కోసం లేచినవి. 1954 నుంచి 1960 దాకా లోయలో తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలను నాగార్జునకొండ మీదికి చేర్చారు. నీళ్లు నిండాక ఆ కొండ ద్వీపమైంది. యాత్రికులు తర్వాత వచ్చారు. వాళ్ల కోసమని వేరే సమాచార వ్యవస్థ రాలేదు, పర్యాటక సంస్థ ప్యాకేజీ బస్సులు వచ్చాయి.

అసలు మలుపు కంప్యూటర్‌తో వచ్చింది. రైల్వే రిజర్వేషన్‌ను దేశమంతా ఒకే అల్లికలోకి తెచ్చిన కన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ మొదట అమలైంది 1994లో, మన సికింద్రాబాద్‌లోనే. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. 2006లో రెడ్‌బస్ వచ్చింది. తర్వాత ఆర్టీసీ సీట్లూ ఆన్‌లైన్‌కు ఎక్కాయి. ఇందులో ఒక సూత్రం దాగి ఉంది, దాన్ని ఎవరూ కావాలని పెట్టుకోలేదు: ముందుగా అమ్మగలిగిన సీటు ఉన్న చోటికే సమాచారం వెళ్లింది. గరుడ, రాజధాని, సూపర్ లగ్జరీ వేళలు తెర మీదికి వచ్చాయి. ఎక్కాక కండక్టరు దగ్గర టికెట్ తీసుకునే పల్లెవెలుగు, అలాగే చాలా ఎక్స్‌ప్రెస్‌లు గోడ మీదే ఉండిపోయాయి. అచ్చంపేట నుంచి మన్ననూరుకు, కొల్లాపూర్ నుంచి సోమశిలకు, దేవరకొండ నుంచి సాగర్‌కు వెళ్లాలనుకునేవాడికి కావలసినవి సరిగ్గా ఈ బస్సులే. వెతికితే హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి సూపర్ లగ్జరీ దొరుకుతుంది. మధ్యలో దిగి ఉమామహేశ్వరం చూసి, వెనక వచ్చే బస్సు ఎక్కి ముందుకు పోవచ్చని అది చెప్పదు.

ఇదే సమయంలో కారుకు దారి తెలుసుకోవడం ఉచితమైపోయింది. ఎక్కడినుంచి ఎక్కడికైనా ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు, ఎక్కడ మలుపు అన్నీ మ్యాపులు చెప్పేస్తున్నాయి. ఈ తేడా ఇక్కడొక్కచోటే కనబడింది కాదు. అమెరికాలో పోర్ట్‌లండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్‌లో పనిచేసే బిబియానా మెక్‌హ్యూకు ఇదే విసుగు కలిగింది: కారు దారి ఇంత తేలిగ్గా దొరుకుతుంటే బస్సు దారి ఎందుకు దొరకదు? ఆమె గూగుల్‌ను కదిలించారు. 2005 డిసెంబరులో పోర్ట్‌లండ్ వేళలతో గూగుల్ ట్రాన్సిట్ మొదలైంది. ఆ పని కోసం తయారైన ఫైళ్ల నమూనానే ఇవాళ ప్రపంచమంతా జీటీఎఫ్ఎస్ అంటున్నారు. అందులో మంత్రం ఏమీ లేదు. స్టాపుల పేర్లు, అవి మ్యాపు మీద ఉండే చోటు, రూట్లు, ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పు ఒక్కో స్టాపుకు చేరే వేళ. ఇవన్నీ కామాలతో విడదీసిన మామూలు పాఠం. డిపోలో కూర్చుని స్ప్రెడ్‌షీట్ నింపగలిగిన గుమస్తా ఇదీ నింపగలరు.

భారతదేశంలో ఈ నమూనా ముందుగా నగరాలకే చేరింది. 2018లో కొచ్చి మెట్రో తన వేళలను ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది, అదే ఏడాది ఢిల్లీ బస్సుల సమాచారమూ బయటికి వచ్చింది. ప్రభుత్వ శాఖల సమాచారాన్ని అందరికీ తెరిచిపెట్టే బహిరంగ సమాచార విధానం తెలంగాణకు 2016 నుంచే ఉంది. 2023 ఆగస్టులో ఆర్టీసీ ‘గమ్యం’ యాప్ తెచ్చి, బస్సు ఇప్పుడు ఎక్కడుందో చూసే వీలు కల్పించింది. మంచి అడుగే. కానీ బస్సు కోసం స్టాపులో నిలబడ్డవారి ప్రశ్న వేరు, పది రోజుల తర్వాత పిల్లలతో అలంపురం వెళ్దామా అని ఇంట్లో కూర్చుని ఆలోచించేవారి ప్రశ్న వేరు. మొదటివారికి బస్సు ఎక్కడుందో కావాలి. రెండోవారికి అసలు బస్సు ఉందా, ఎన్ని ఉన్నాయి, ఆఖరిది ఎప్పుడు అన్నది కావాలి. కారా, బస్సా అన్న నిర్ణయం జరిగిపోయేది ఆ ఇంట్లోనే.

అదే ఏడాది డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. గుళ్లకు, జాతరలకు ఆడవాళ్లు గుంపులుగా బయల్దేరడం అందరం చూస్తున్నాం. చిత్రమేమిటంటే చార్జీ లేని బస్సులు, టికెట్ల సైట్లలో కనిపించని బస్సులు దాదాపు ఒకటే. డబ్బులు పెట్టి ఎక్కే సూపర్ లగ్జరీకి మాత్రం సీటు నంబరుతో సహా వివరం ఉంది.

ఇక ఆన్‌లైన్‌లో ఉన్న సమాచారం సంగతి. పర్యాటక పేజీల్లో ‘ఎలా చేరుకోవాలి’ అన్న శీర్షిక ఎక్కడైనా ఒకే అచ్చు: విమానంలో, రైల్లో, రోడ్డు మార్గంలో. దేవరకొండ కోటకు పోయేవాడికి మొదట శంషాబాద్ విమానాశ్రయం పరిచయం చేస్తారు. రోడ్డు మార్గం దగ్గరికి వచ్చేసరికి ‘బస్సు సౌకర్యం కలదు’ అని ముగిస్తారు. దీనికి తోడు జిల్లాలు మారాయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడివడ్డాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా. పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత పేజీలు మాత్రం అలంపురాన్నీ, నల్లమల అడవిలోని మల్లెల తీర్థం జలపాతాన్నీ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంచి, మహబూబ్‌నగర్ పట్టణం నుంచి దూరం చెబుతుంటాయి. ఆ మాట నమ్మి మహబూబ్‌నగర్ బస్టాండులో దిగి మల్లెల తీర్థం అడిగితే అక్కడివారు జాలిగా చూస్తారు. మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రిదీ ఇదే కథ. 2017 డిసెంబరులో కొమ్మలు విరిగాక సందర్శకులను ఆపేశారు, 2018లో చెట్టుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఆ సీసాల ఫొటో దేశాలు తిరిగింది. లోపలికి రానిస్తున్నారా లేదా అన్న చిన్న మాట మాత్రం అంత దూరం పోలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది అమ్రాబాద్ అడవిలో. రాష్ట్ర విభజన తర్వాత నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోని తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. హైదరాబాద్–శ్రీశైలం జాతీయ రహదారి 765 దాని నడిమధ్య నుంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు, దోమలపెంట గేట్ల మధ్య వాహనాలను ఆపుతారు. చక్రాల కింద పడకుండా అడవి జంతువులకు దొరికే తొమ్మిది గంటలవి. ఈ నియమం తెలియక, లేదా తెలిసినా 9లోపు గేటు దాటాలన్న తొందరలో, కార్లు చీకటి పడ్డాక అడవిలో ఎంత వేగంతో పోతాయో ఆ రోడ్డు మీద ఒకసారి ప్రయాణించినవారికి తెలుసు. ఇక్కడ సమాచారమంటే యాత్రికుడి సౌకర్యం ఒక్కటే కాదు. గేటు వేళ, దానికి ముందు హైదరాబాద్ నుంచి ఎప్పుడు బయల్దేరాలి, ఆ వేళల్లో ఏ బస్సు ఉంది అన్న మూడూ ఒకే చోట కనిపిస్తే, ఆ తొందర కొంతైనా తగ్గుతుంది.

ఆ అడవిలోనే బాగా నడుస్తున్న పద్ధతీ ఉంది. ఫరహాబాద్ వ్యూ పాయింటుకు సొంత బండిలో పోనివ్వరు, అటవీశాఖ వాహనంలోనే పోవాలి. జనం గొణుక్కుంటారు, కానీ ఎక్కుతారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర వస్తే ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. కార్తీకంలో కురుమూర్తికి, మాఘంలో చెరువుగట్టుకు, రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గరి పెద్దగట్టుకూ అంతే. ఏ డిపో నుంచి ఎన్ని బస్సులో జిల్లా పత్రికలో వస్తుంది, బస్టాండులో మైకు చెబుతుంది. జనమూ బస్సు ఎక్కుతారు. అంటే మనవాళ్లకు బస్సంటే చిన్నచూపు అన్న మాట నేను ఒప్పుకోను. వివరం ముందుగా అందిన చోట బస్సు నిండుతోంది. సాగర్ గేట్లు ఎత్తడం కూడా ఒక జాతరే, తిథి లేని జాతర. ఎగువ ప్రాజెక్టుల నుంచి నీళ్లు ఎప్పుడు చేరతాయో నీటిపారుదల శాఖకు ముందే తెలుస్తుంది. ఆ మాట డిపోలకూ, డిపోల మాట జనానికీ చేరే దారి ఎవరూ వేయలేదు.

ఐరోపాలో ఆల్ప్స్ పర్వత ప్రాంతం వాళ్లు ఇలాంటి చిక్కే పడ్డారు. సెలవుల్లో లోయలన్నీ కార్లతో నిండిపోయేవి. 1991లో ఆ దేశాలు ఆల్ప్స్ రక్షణకు ఒప్పందం చేసుకున్నాయి, 2006లో కారు లేకుండా వచ్చే అతిథులకు ఏర్పాట్లు చేసే ఊళ్లు కొన్ని కలిసి ఆల్పైన్ పర్ల్స్ అనే సంఘం పెట్టుకున్నాయి. ఒక దేశంలో రైలు దిగి, సరిహద్దు దాటి మరో దేశపు బస్సు ఎక్కే వివరం ఒకే వెతుకులాటలో రావడం లేదన్నదే అక్కడ పెద్ద తలనొప్పి. 2017లో ఐరోపా యూనియన్, రవాణా సంస్థలన్నీ వేళల పట్టికలను ఒకే పద్ధతిలో అందుబాటులో పెట్టాలని నియమం చేసింది. మనకూ వాళ్లకూ పోలిక ఇంతవరకే. వాళ్ల రైళ్లు, బస్సులు మనకన్నా చాలా ఎక్కువ, డబ్బూ ఎక్కువే.

కానీ సరిహద్దు చిక్కు మాత్రం అచ్చంగా మనది కూడా. 2014 జూన్ 2 తర్వాత సాగర్ ఎడమగట్టు ఒక రాష్ట్రం, కుడిగట్టు ఒక రాష్ట్రం. నాగార్జునకొండ ద్వీపం, ఎత్తిపోతల జలపాతం ఆంధ్రప్రదేశ్ వైపు. 2022 మేలో ప్రారంభమైన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం తెలంగాణ వైపు. ఒక రోజులో మూడూ చూడాలనుకునే కుటుంబానికి రెండు పర్యాటక సంస్థలు, రెండు ఆర్టీసీలు, వేర్వేరు లాంచీ రేవులు. అలంపురానికి దగ్గరి పెద్ద బస్టాండు కర్నూలు, అది అవతలి రాష్ట్రం. 2020 లాక్‌డౌన్‌లో ఆగిన అంతర్రాష్ట్ర బస్సులు, ఎవరు ఎన్ని కిలోమీటర్లు నడపాలన్న ఒప్పందం కుదిరాకే నవంబరులో మళ్లీ కదిలాయి. కిలోమీటర్లు పంచుకున్నారు గానీ వేళల పట్టికను ప్రయాణికుడి ముందు కలిపి పెట్టే పని ఆ ఒప్పందంలో ఎవరి వంతుకూ రాలేదు.

బస్సులు తక్కువున్న చోట ఎంత సమాచారం పెట్టినా ఏం లాభం అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద పాత మహబూబ్‌నగర్ జిల్లా ఎకో టూరిజం సర్క్యూట్‌కు 91.62 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి, సోమశిలలో కాటేజీలు వచ్చాయి. 2024లో సోమశిలకు కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామం పురస్కారమూ వచ్చింది. కొల్లాపూర్ నుంచి సుమారు 10 కిలోమీటర్ల ఆ చివరి దూరానికి ఆటోయే దిక్కయ్యే వేళలు చాలా ఉంటాయి. అయితే ఆ ఆటో కూడా సమాచారమే. ఎక్కడ దొరుకుతుంది, మనిషికి ఎంత తీసుకుంటారు, చీకటి పడ్డాక వెనక్కి ఉంటుందా అని రాసిపెడితే చాలామంది కొల్లాపూర్ దాకా బస్సులో వస్తారు. రాయడానికి కొత్త బస్సు కొననక్కర్లేదు. రాయాల్సినవారు ఎవరన్నదే తేలలేదు. వేళలు ఆర్టీసీవి, గేటు అటవీశాఖది, నీటి మట్టం నీటిపారుదల శాఖది, లాంచీ పర్యాటక సంస్థది. గాలి ఎక్కువై సాగర్‌లో లాంచీ ఆపిన రోజున కూడా హైదరాబాద్ నుంచి నాగార్జునకొండ చూద్దామని బయల్దేరినవారు 150 కిలోమీటర్లు వచ్చి, రేవు దగ్గర టికెట్ కిటికీ ముందు ఆ సంగతి వింటున్నారు.