వేరుశెనగ వేళ్ళకు కాసే బొడిపెలు

విత్తిన 40 రోజులకు వేరుశెనగ మొక్కను ఒకదాన్ని మెల్లగా తవ్వి, వేళ్ళను నీళ్ళలో కడిగి చూడండి. ఆవగింజంత బొడిపెలు బోలెడన్ని అతుక్కుని ఉంటాయి. చిన్నప్పుడు నేను వాటిని తెగులు అనుకునేవాణ్ణి. నులిపురుగు సోకినా వేరు ఉబ్బుతుంది కానీ, ఆ ఉబ్బు వేరులో భాగమే, ఊడిరాదు. ఈ బొడిపెలు వేలితో రుద్దితే రాలిపోతాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపు కనిపించిందంటే అక్కడ పని జోరుగా సాగుతున్నట్టే.

గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునేలా మార్చే ఆ పని చేసేది బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా. ఒక్కోటీ ఒక్క కణమే. మన కణాల్లోలా దానికి కేంద్రకం ఉండదు, డీఎన్ఏ కణద్రవంలోనే ముడుచుకుని ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, అందులో రెండు మూడు భాగాలకు మించని పొడవు. ఆడా మగా తేడా లేదు. కాస్త పెరిగి రెండుగా చీలితే రెండు బ్యాక్టీరియా. మన పేగుల్లోని ఈ.కోలై అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాల్లో రెండవుతుంది. బ్రాడీరైజోబియంకు గంటలు పడుతుంది. గ్రీకులో ‘బ్రాడీ’ అంటే నెమ్మది అనే అర్థం.

మట్టిలో ఉన్నన్నాళ్ళూ అది కుళ్ళిన ఆకూ అలమూ మీద బతుకుతుంది. పప్పుజాతి మొక్క వేరు కొన్ని రసాయనాలను మట్టిలోకి వదిలితే గుర్తుపట్టి, తనూ ఒక రసాయనంతో బదులిస్తుంది. సోయాచిక్కుడులో వేరు మీది నూగు గుండా లోపలికి వెళుతుంది. వేరుశెనగలో మాత్రం పక్కవేరు పొడుచుకొచ్చే చోట పడే సన్నని పగుళ్ళే దారి. ఆపైన దాని చుట్టూ బొడిపె కట్టేది మొక్కే. ఇలాంటి బొడిపెల్లోంచి బ్యాక్టీరియాను విడిగా తీసి పెంచినవాడు డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైయరింక్, 1888లో.

గాలిలో 78 శాతం నత్రజనే. అయినా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. ఆ అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీసి అమ్మోనియా చేయడానికి ఎరువుల ఫ్యాక్టరీలో దాదాపు 400 డిగ్రీల వేడి, మామూలు గాలి పీడనానికి 100 రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. నైట్రోజినేజ్ అనే ఎంజైముతో బ్యాక్టీరియా అదే పనిని ఎర్రనేల వేడిలోనే చేసేస్తుంది. ఖర్చు మాత్రం తక్కువేం కాదు. ఒక్కో నత్రజని అణువుకు కనీసం 16 ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే అణువులు, కరుగుతాయి. ఆ శక్తికి కావలసిన చక్కెర ఆకుల నుంచి దిగివస్తుంది.

నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది ఇక్కడే ఉంది. ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది. అంత శక్తి పుట్టించాలంటే బ్యాక్టీరియా ఊపిరి తీసుకోవాలి, అందుకు ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును విప్పేది లెగ్‌హిమోగ్లోబిన్. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ఈ పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకుని, ఎంత అవసరమో అంతే అందిస్తుంది. బొడిపెను చీల్చితే కనిపించే ఎరుపు దానిదే.

అందుకే వేరుశెనగకు యూరియా ఎక్కువ చల్లొద్దంటాను. చేతికందే నత్రజని దండిగా ఉంటే మొక్క చక్కెర ఖర్చుపెట్టి బొడిపెలను పోషించదు, అవి తగ్గిపోతాయి. ఎప్పుడూ పప్పుజాతి పంట వేయని నేలలో అసలు బ్యాక్టీరియానే తక్కువ ఉండొచ్చు. అలాంటిచోట విత్తనానికి బెల్లం నీళ్ళతో ఈ బ్యాక్టీరియా ఉండే రైజోబియం కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తితే మేలు.

మొక్క చచ్చాక పని వేరే బ్యాక్టీరియా చేతికి వెళుతుంది. కుళ్ళబెట్టేవి నత్రజనిని అమ్మోనియాగా వదులుతాయి. నైట్రోసోమోనాస్ దాన్ని నైట్రైటుగా, నైట్రోబాక్టర్ వంటివి నైట్రేటుగా మారుస్తాయి. నీళ్ళు నిలిచి గాలి ఆడని మడిలో ఇంకొన్ని ఆ నైట్రేటును మళ్ళీ నత్రజని వాయువుగా గాలిలోకి పంపేస్తాయి. వరికి వేసిన యూరియాలో కొంత పోయేది ఇలాగే.

వేరుశెనగ కూడగట్టిన నత్రజని అంతా నేలకు దక్కుతుందనుకోవడం కూడా పొరపాటే. చాలాభాగం గింజల్లోకి చేరుతుంది. మొక్కను వేళ్ళతో సహా పీకి, కట్టెను పశువులకు మేతగా వేస్తాం కాబట్టి మిగిలిందీ చేను దాటిపోతుంది. జీలుగనో జనుమునో పూతకు రాగానే కలియదున్నితే మాత్రం, వాటి బొడిపెల్లోని బ్యాక్టీరియా పట్టిన నత్రజనిలో చాలాభాగం తర్వాత వేసే వరికి అందుతుంది.