టీవీలోకి మళ్ళిన మీటింగు

సంక్రాంతికి అమలాపురం వెళ్ళినప్పుడు జరిగింది. ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ తీగతో హాల్లో టీవీకి తగిలించి బ్రౌజర్లో సినిమా చూశాం. తెల్లారి ఆఫీసు మీటింగు. తీగ పీకకుండానే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నా ల్యాప్‌టాప్‌ని నడిపే లినక్స్ (విండోస్ లాంటిదే, ఇంకో ఆపరేటింగ్ సిస్టం) సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా వాటినే ఎంచుకున్నాను. పరీక్ష శబ్దం చెవిలో చక్కగా మోగింది. బ్రౌజర్లో మీటింగు తెరిచి అరుగు మీదకి వచ్చి కూర్చున్నాను. చెవిలో నిశ్శబ్దం. వంటింట్లోంచి పెద్దమ్మ కేక: "ఒరేయ్ అబ్బాయ్, టీవీలో ఎవడో నీ పేరెట్టి పిలుస్తున్నాడు, పలకవేంట్రా!"

అవుట్‌పుట్ మార్చాక కూడా మాట టీవీకే ఎందుకు వెళ్ళింది? డెల్టాలో పుట్టినవాళ్ళకి దీన్ని కాలువలతో చెబితే తొందరగా ఎక్కుతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగిన గోదావరి మూడు డెల్టాలకి నీళ్ళు పంచుతుంది. తూర్పు డెల్టాకి ధవళేశ్వరం, మా మధ్య డెల్టాకి బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం హెడ్ స్లూయిస్‌లు, అంటే కాలువల్లోకి నీళ్ళు వదిలే తలుపులు. లినక్స్‌లో ఆ బ్యారేజీ పని చేసేది సౌండ్ సర్వర్. బ్రౌజర్, పాటల ప్లేయర్, నోటిఫికేషన్ల టింగుమనే మోత, ఇలా ఒక్కొక్కటీ ఒక్కో ధారగా వచ్చి అక్కడ చేరుతుంది. టీవీ, స్పీకర్లు, ఇయర్‌ఫోన్లు వంటి అవుట్‌పుట్‌లని సింక్‌లంటారు, మన వంటింటి సింకు లాగే, పారేది వచ్చి పడే చోటు.

ఒకప్పుడు ఈ బ్యారేజీ లేదు. లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్‌లో ఆల్సా అనే భాగం ఉంటుంది, సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడేది అదే. చాలా కార్డులు ఒకసారికి ఒక్క ప్రోగ్రాంకే చిక్కేవి. పాట మోగుతుంటే రెండో ప్రోగ్రాం దాళ్వాలో నీటి వంతు కోసం చూసే రైతులా కాచుకోవాల్సిందే. 2004లో లెనార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పల్స్‌ఆడియో అనే సౌండ్ సర్వర్ అన్ని ధారల్నీ తీసుకుని, వాటి అంకెల్ని (కంప్యూటర్లో శబ్దమంటే అంకెల వరసే) కూడి ఒకే ధారగా కార్డుకి ఇచ్చింది. శబ్దాలు కలపడమంటే అంకెలు కూడడమే, అంతకు మించి మాయేం లేదు. 2007లో ఫెడోరా అనే లినక్స్ రకం 8వ వెర్షన్‌తో అది జనంలోకి వచ్చింది, మొదట్లో బోలెడు తిట్లు కూడా తింది. 2021లో ఫెడోరా 34 దాని స్థానంలో పైప్‌వైర్ అనే కొత్త సర్వర్‌ని పెట్టింది. దాన్ని రాసింది రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీలో పనిచేసే విమ్ టైమాన్స్.

పైప్‌వైర్ ధారల్ని మోస్తుంది తప్ప ఏది ఎటు పోవాలో తనంతట తాను తేల్చదు. ఆ పని వైర్‌ప్లంబర్ అనే ఇంకో ప్రోగ్రాంది. షట్టర్లు ఎత్తే లస్కరు అనుకోండి. అతని దగ్గర రెండు రకాల ఆజ్ఞలుంటాయి. "ప్రత్యేకంగా ఏం చెప్పకపోతే అందర్నీ ఇటు పంపు" అన్నది డిఫాల్ట్. "ఫలానా ప్రోగ్రాంని మాత్రం అటు పంపు" అన్నది రెండోది. రెండూ ఉంటే రెండోదే చెల్లుతుంది. పైగా దాన్ని అతను డిస్కు మీద రాసి పెట్టుకుంటాడు, మెషీన్ ఆపి మళ్ళీ వేసినా మర్చిపోడు.

నేను చేసిన నిర్వాకం అదే. సినిమా మధ్యలో ఈమెయిల్ టింగుమనడం టీవీలో వినపడకూడదని, ఏ శబ్దం ఎటు పోవాలో చూపించే పావుకంట్రోల్ అనే ప్రోగ్రాం తెరిచి ప్లేబ్యాక్ ట్యాబ్‌లో బ్రౌజర్‌ని ఒక్కదాన్నే హెచ్‌డీఎంఐకి మళ్ళించాను. పొద్దున్న మార్చింది డిఫాల్ట్‌ని. బ్రౌజర్ మీద రాత్రి ఇచ్చిన ఆజ్ఞ అలాగే ఉంది. మళ్ళీ అదే ట్యాబ్‌లోకి వెళ్ళి బ్రౌజర్ పక్కనున్న పేరు మార్చగానే మాట టీవీలో తెగి చెవిలో అతుక్కుంది.

అంతలోనే ఇంకోటి. మైకు ఆన్ చేయగానే గొంతులు బావిలోంచి వస్తున్నట్టు మారిపోయాయి. ఇది లినక్స్ తప్పు కాదు. పాటలకి బ్లూటూత్ వాడే ఏ2డీపీ పద్ధతిలో మంచి శబ్దం ఒక వైపుకే పారుతుంది. మైకు కావాలంటే ఫోన్ మాటల కోసం చేసిన హెచ్‌ఎఫ్‌పీ పద్ధతికి దిగాలి. అందులో మామూలుగా సెకనుకి 8,000 లేదా 16,000 నమూనాలే (శబ్దాన్ని కొలిచి రాసిన అంకెలు), సీడీలో అయితే 44,100. మీటింగుల్లో నేను ల్యాప్‌టాప్ మైకే వాడతాను, ఇయర్‌ఫోన్లు వినడానికి మాత్రమే.

కాలువ పోలిక ఒక చోట చెల్లదు. నీళ్ళు రెండు కాలువలకి పంచితే చెరి సగం అవుతాయి. శబ్దాన్ని టీవీకీ స్పీకర్లకీ కలిపి పంపినా ఎవరి వాటా తగ్గదు. చిక్కు వేరే ఉంది. ఏ పరికరం గడియారం దానిదే. సెకనుకి 48,000 నమూనాలు వాయించాల్సిన చోట రెండింటి మధ్య లక్షకి ఐదు వంతుల తేడా ఉందనుకోండి, సెకనుకి 2.4 నమూనాలు, గంటకి 8,640. అంటే దాదాపు 0.18 సెకను ఎడం, చెవికి ప్రతిధ్వనిలా తెలిసిపోయేంత. అందుకే సర్వర్ ఒక ధారని సన్నగా సాగదీస్తూ, కుదిస్తూ రెండింటినీ జత కుదురుస్తుంటుంది.

ఊరినుంచి వచ్చేలోపు ఒక షార్ట్‌కట్ రాసుకున్నాను. మొదటి రోజు సింక్ నంబరు 52 అని రాస్తే మర్నాటికి 52 ఇంకేదో అయింది, ఎందుకంటే ఆ నంబర్లు తగిలించిన ప్రతిసారీ మారొచ్చు. పరికరం పూర్తి పేరు రాశాక కుదిరింది. డిఫాల్ట్ మార్చడంతో పాటు నడుస్తున్న ధారల్ని కూడా తరలించమని ఇంకో రెండు లైన్లు. ఎఫ్9 చెవుల్లోకి, ఎఫ్10 టీవీలోకి. ఎఫ్10 ఎక్కడుందో పెద్దమ్మకి చూపించాను, సీరియల్ టైముకి ఆవిడే నొక్కుకుంది.