వెనక్కి జారిన కారు

విశాఖపట్నం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు ఆశీస్సులు.

సింహాచలం ఘాట్‌లో బండ్లు ఆగి కదిలినప్పుడు నాన్న గేరు కారు జానెడు వెనక్కి జారిందనీ, బాబాయి ఆటోమేటిక్ కారు జారలేదనీ, ఎందుకనీ మీలో చిన్నది అడిగింది.

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒక్కదానికే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా మెల్లగా తిరుగుతుంది. మొదటిది ఇంజన్, రెండోది చక్రాలు. బాబాయి కారులో గాలికి బదులు నూనె. ఆ డబ్బా పేరు టార్క్ కన్వర్టర్. బ్రేకు తొక్కితే రెండో ఫ్యాన్ ఆగుతుంది గానీ మొదటిది ఆగదు. అందుకే డి (డ్రైవ్, అంటే ముందుకు నడిపే స్థానం) లో పెట్టి నిలబెట్టినా ఇంజన్ ఆగిపోదు. బ్రేకు వదలగానే నూనె ముందుకు తోస్తూనే ఉంటుంది. ఎత్తు మరీ నిటారుగా ఉంటే మాత్రం ఆ తోపు చాలదు.

నాన్న కారులో మధ్యన గాలీ లేదు, నూనే లేదు. రెండు ఫ్యాన్లనూ ఒకదానికొకటి అదిమిపెట్టాలి. అదే క్లచ్. నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరిగే ఇంజన్‌కి కదలని చక్రాలను ఒక్కసారిగా అంటిస్తే ఇంజనే ఆగిపోతుంది. అసలు అంటించకపోతే కొండ కిందికి లాగేస్తుంది. కాబట్టి కొంచెం జారుతూ, కొంచెం పట్టుకునే చోటు కాలికి తెలియాలి. దాన్నే హాఫ్ క్లచ్ అంటారు.

ఎత్తులో హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఒకటో గేరు వేయాలి. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజన్ గొంతు బరువెక్కి, బానెట్ కాస్త లేస్తుంది. కాలు అక్కడే ఆపి హ్యాండ్ బ్రేకు దించాలి. హ్యాండ్ బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీదే కారును నిలబెడితే క్లచ్ ప్లేటు కాలి, మాడు వాసన వస్తుంది.

ఆటోమేటిక్‌లన్నీ ఒకటి కావు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) రకంలో ఉన్నది మామూలు క్లచ్చే. మన కాలికి బదులు చిన్న యంత్రం దాన్ని నడుపుతుంది. బ్రేకు వదిలాక కూడా కాసేపు బండిని పట్టి ఉంచే హిల్ హోల్డ్ లేకపోతే అదీ జారగలదు.

మీకు 18 నిండి, ఎల్ బోర్డు కట్టాక ముందు గేరు కారే నేర్చుకోండి. అది వచ్చినవాళ్ళకి ఆటోమేటిక్ గంటలో వస్తుంది, ఒక్క ఎడమకాలితోనే చిక్కు. క్లచ్ అలవాటుతో అది బ్రేకును బలంగా తొక్కేస్తుంది, వెనక బండి వచ్చి గుద్దుతుంది. ఆ కాలిని మడిచి పక్కన పెట్టి, రెండు పెడల్సూ కుడికాలితోనే తొక్కాలి. బండి పూర్తిగా ఆగాకే డి నుంచి ఆర్ (రివర్స్) కి మార్చాలి.

ఘాట్ దిగేటప్పుడు ఏ కారైనా న్యూట్రల్ వేయకూడదు. ఎక్కిన గేరులోనే దిగాలి. ఆటోమేటిక్‌లో ఎల్ లేదా 2, అంటే తక్కువ గేర్లు. లేకపోతే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి.

ఆదివారం కైలాసగిరి వెళ్ళినప్పుడు రోడ్డుకు దూరంగా, ఎత్తు ఉన్న చోట నిలబడి చెవులు పెట్టి వినండి. ఆగిన కారు ఇంజన్ గొంతు మారాక కదిలిందా, మారకముందే జారిందా? లెక్క రాసి నాకు పంపండి.

మీ తాతయ్య