కోట పార్కయితే ఇల్లు పోతుందా? అపోహలు – వాస్తవాలు

పాత కోటల పరిరక్షణ పనుల్లో కొలతలు తీయడం నా ఉద్యోగం. నెల్లూరు జిల్లాలో ఏ కోట కింద టేపు పరిచినా గంటలోపే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "కోటను పార్కు చేస్తారట, మా ఇళ్లు తీసేస్తారా?"

అపోహ: కోటను రక్షిత కట్టడంగా ప్రకటిస్తే చుట్టూ 300 మీటర్ల స్థలం ప్రభుత్వానిదైపోతుంది.

వాస్తవం: ఆ ప్రకటనతో మీ పట్టా మారదు. కేంద్ర రక్షిత కట్టడమైతే, 2010లో సవరించిన చట్టం ప్రకారం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టకూడదు. అయితే 1992 జూన్ 16కు ముందునుంచీ ఉన్న ఇంటికి అనుమతి తీసుకుని మరమ్మతు చేయించుకోవచ్చు. నియంత్రిత ప్రాంతంలోనైతే అనుమతితో కొత్త ఇల్లే కట్టుకోవచ్చు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రాష్ట్ర జాబితాలోని కట్టడాలకు చట్టం వేరు. మీ కోట ఏ జాబితాలో ఉందో ముందు కనుక్కోండి.

ఒక ఊళ్లో ఒక పెద్దావిడ రెండు వానాకాలాలు కారే కప్పు కిందే గడిపింది. "పెంకు మార్చినా జైలేనట కదా నాయనా" అంది. ఆమె మామగారు కట్టిన ఇల్లది. పక్కింటివాళ్లు ఇదే పుకారు నమ్మి సగం ధరకు అమ్మేసి వెళ్లిపోయారు. ఇల్లు కొన్నవాడే ఆ పుకారు ఊరంతా తిప్పాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

గుప్తనిధుల మాటంటారా? లేవు, తవ్వకండి. మట్టి పొరలు చెదిరిపోతే ఫిరంగి గుండు ఏ కాలం నాటిదో చెప్పే ఆధారమే పోతుంది.

పార్కంటే పచ్చిక, ఫౌంటెను, సిమెంటు ఏనుగులు అనుకునేవాళ్లూ ఉన్నారు. కోట పార్కు అలా కాదు. యుద్ధం జరిగిన కోటకు అసలు ఆస్తి దాని నేల ఎత్తుపల్లాలే. ఒడిశా గజపతి రాజుల చేతిలోని, ఈ జిల్లా ఉదయగిరి కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచాడు, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లాడు. సైన్యానికి దారి కోసం బండలు పగలగొట్టించాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. కొండను ఎక్కడం ఎంత కష్టమో కింద నిలబడి తలెత్తి చూసినవాడికే తెలుస్తుంది. ఆ వాలును డోజరుతో చదును చేస్తే చూపించడానికి ఏం మిగులుతుంది? నడకదారి, నీడ, వివరాల పలక ఉంటే చాలు.

చివరగా ఒక మాట. పాత ఇంటి పన్ను రశీదులు పారేయకండి. పెద్దావిడ ట్రంకుపెట్టెలో 1980ల నాటి రశీదులు దొరికాయి. మరమ్మతు దరఖాస్తుకు మొదటి ఆధారం అవే అయ్యాయి.